పట్టుపోగుకు చిక్కని ఎర్రగుర్రం

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదని నాకు గట్టి నమ్మకం. తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్గొండలో ఓ చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరి పది రోజులైంది. పిల్లలు పట్టుకుని, ఊపి, చప్పుడు విని నేర్చుకునే కొయ్యబొమ్మలు ఎంచి తెమ్మని పెద్దమేడం నాకు అప్పగించింది. అవి నచ్చితేనే ఉద్యోగం ఖాయమని కూడా చెప్పింది. తోడు రమ్మని నాయినను పిలవడమే నేను చేసిన తప్పు (అని అప్పుడనుకున్నాను).

నాయిన మగ్గం మీదే బతుకు గడిపిన మనిషి. దుకాణంలో కూర్చోగానే జేబులోంచి ఓ పట్టుపోగు తీసి, గిలక్కాయ మీద మెల్లగా లాగాడు. పోగు చిక్కింది. గిలక్కాయ పక్కకు పోయింది. మగ్గం మీద పోగును అటూ ఇటూ తీసుకుపోయే కొయ్య నాడెను కొత్తగా కొనేటప్పుడు నేతగాళ్లు చేసే పరీక్ష అది. కొయ్యకు ఏ మాత్రం పెచ్చున్నా పోగు పట్టిచ్చేస్తుంది. ఏనుగు పోయింది, బండి పోయింది. పోగుకు చిక్కనివాటిని తడిగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూశాడు. ఎర్రగుర్రం అక్కడ పోయింది. గంటన్నర గడిచింది, దుకాణదారు మాతో మాట్లాడటం మానేశాడు, నాకు ఒళ్లు మండిపోతోంది. “ఇవి పిల్లల బొమ్మలు నాయినా, పట్టుచీరెలు గావు” అన్నాను పళ్లు కొరుకుతూ.

“చీరెను ఎవ్వలు నోట్లె వెట్టుకోరు బిడ్డా” అన్నాడాయన, తల ఎత్తకుండానే.

చివరికి దుకాణం మొత్తంలో ఐదు బొమ్మలు నెగ్గాయి. ఐదింటితో మేడం ముందు ఎలా నిలబడను? నాయినను బస్సెక్కించి, వెనక్కి వెళ్లి ఎర్రగుర్రాన్ని కొన్నాను. మేడం అన్నిటికంటే దాన్ని చూసే మురిసిపోయింది. మరునాడు ఓ బుడతడు ఆ గుర్రం తలను తీరిగ్గా చప్పరించాడు. తీసుకుపోవడానికి వచ్చిన వాళ్లవ్వ, వాడి మూతీ గడ్డం ఎర్రగా ఉండటం చూసి నెత్తురనుకుని, వాణ్ణి చంకనేసుకుని దవాఖానకు ఉరికింది. ఆమె వెనక నేను, నా వెనక మేడం. డాక్టరు దూదితో తుడిచి వట్టి రంగేనన్నాడు. ఏడుస్తూ నిజం చెప్పేశాను. “ఇగ బొమ్మలు మీ నాయిననే ఏరుమను. నువ్వు ఊకె సంచి వట్టుకో” అంది మేడం. ఉద్యోగం అలా నిలబడింది.

ఇప్పుడు చూపు తగ్గి నాయిన మగ్గం దిగాడు. మొన్న మా పాపకు బొమ్మలు కొనబోయి, ఆయనిచ్చిన పట్టుపోగును సంచిలోంచి తీశాను. మా ఆయన సిగ్గుపడి, నాతో రానట్టే గుమ్మం బయట నిలబడ్డాడు. ఆ మొహంలో అచ్చం అప్పటి నేనే కనిపించి నవ్వొచ్చింది, నాయినను విసుక్కున్నందుకు కాస్త సిగ్గూ వేసింది. చేతిలోని కొయ్యబాతు మీద పోగు చిక్కింది. పక్కన పెట్టి ఇంకొకటి అడిగాను.