పథ్యం అని రాసిన చీటీ

ఈ విషయం కాగితం మీద పెట్టవలసి రావడానికి కారణం ఒక్కటే. జరిగిన తప్పును మా పాత కళాశాలలో అందరూ ఒక స్త్రీ చదువులేనితనానికి అంటగట్టి మాట్లాడుకుంటున్నారు. ఆ తప్పు నాది. నేను ఊరుకుంటే ఆ మాటే నిలిచిపోతుంది.

వరంగల్‌లోని ఒక ఫార్మసీ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను. నా పరిశోధనంతా ఒకే మందు చుట్టూ తిరిగింది: నులిపురుగులకు బడిపిల్లల చేత నమిలించే మామూలు మాత్ర. పేగుల్లో ఉన్న పురుగుకు అది చాలు. కానీ బద్దెపురుగు తిత్తి మెదడులో చేరి మూర్ఛలు తెప్పిస్తున్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఆ మందు నీటిలో సరిగా కరగదు. కరగకపోతే రక్తంలోకి చేరదు, రక్తంలోకి చేరనిది మెదడు దాకా పోదు. అందుకని దానిని నూనెలో కలిపి, ఆ నూనెను కంటికి ఆనని బిందువులుగా మార్చి, ఎలుకలకు పట్టి, వాటి రక్తం పరీక్షించాము. మందు చక్కగా చేరింది. వ్యాసాలు అచ్చయ్యాయి. ఆ తరువాత ఏమీ కాలేదు. చవక మందును బాగుచేయడానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు. దుకాణాల్లో నేటికీ అదే పాత మాత్ర.

నా ప్రయోగశాలలో గాజు సామాను కడిగి, ఎలుకలకు మేత పెట్టిన అటెండర్ ఒకడున్నాడు. కాపురం హసన్‌పర్తిలో. గత ఏడాది అతని భార్యకు మూర్ఛలు మొదలయ్యాయి. స్కానింగ్‌లో తిత్తి కనిపించింది. డాక్టరు తక్కిన మందులతో పాటు నా ఎరుకలోని ఆ మాత్రే రాసి, కొవ్వు ఉన్న ఆహారంతో వేసుకోవాలని చెప్పింది. అతడు ఆ కాగితంతో నా దగ్గరికి వచ్చాడు.

"డాక్టరమ్మ అంత ఇంగ్లీషుల జెప్పింది సార్. జర మీరు తెలుగుల రాసియ్యిండ్రి."

గుండ్రని అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసి ఇచ్చాను: "ఈ మాత్రలను ప్రతిదినము రెండు పూటలా స్నిగ్ధాహారముతో సేవించవలెను. పథ్యము తప్పరాదు." చెప్పిన పద్ధతి తప్పవద్దని నా భావం. నిఘంటువు నా పక్షమే. 

మందుల గడువు ముగిసింది. మూర్ఛలు ఆగలేదు. ఒక ఉదయం ఆమె పొయ్యి దగ్గరే పడిపోయి మోచేయి కాల్చుకుంది. మళ్లీ తీసిన స్కానింగ్‌లో తిత్తి ఏమాత్రం తగ్గలేదు. మాత్రలు ఎగవేశారన్న కోపంతో నేను వాళ్ల ఇంటికి వెళ్లాను.

"సరిగా మింగలేదు కదూ?" అని గడపలోనే నిలదీశాను.

ఆమె కట్టు కట్టిన చేత్తోనే లోపలి నుంచి ఖాళీ మాత్రల రేకులన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. "ఒక్క గోలి ఇడ్వలే సార్. మీరే సూడుండ్రి."

"దేనితో మింగావు?"

"సప్పిడి బువ్వ, చారు. పథ్యమని మీరే రాస్తిరి గద! నూనె సుక్క ముట్టలే. ఈయనకు కోడికూర వండిపెట్టి, నేను సూసుకుంట కూసున్న. బతుకమ్మ పండుగకు నెయ్యి ఉంటదని సత్తుపిండి గూడ ఈయన తిననియ్యలే."

నా గొంతు పెరిగింది. "స్నిగ్ధాహారం అని పైనే రాశాను! చదవలేదా?"

పక్కనే నిలబడ్డ అతడు తల వంచుకున్నాడు. "సదివినం సార్. స్నిగ్ధ అంటె ఏదో పౌడర్ డబ్బ అనుకున్న. చౌరస్తల ఉన్న మెడికల్ షాపులన్ని తిరిగిన. ఒకడైతే, 'అది ఆడపిల్ల పేరే అన్నా, మందు పేరు గాదు' అని నవ్విండు."

"నన్ను అడగకూడదా?"

"అడిగితె మీరు గరం అయితరని బయపడిండు," అంది ఆమె. "ఇప్పుడు సూడుండ్రి, అడగకపోయినా అయితిరి."

నేను కూర్చున్నాను. స్నిగ్ధం అంటే నూనె, నెయ్యి ఉన్నదని చెప్పాను.

"నూనెతోటి తినుమని రాస్తె అయిపోవు గద సార్! నెల రోజులు ఉత్తగనే నా నోరు కట్టిస్తిరి."

తిత్తి తగ్గకపోవడానికి అదొక్కటే కారణమని చెప్పలేమని, సరిగా తిన్నా కొందరికి రెండో విడత అవసరమవుతుందని డాక్టరు అన్నది. అది శాస్త్రం. నాకు ఊరట మాత్రం కాలేదు. ఆ మందును నూనెతో రక్తంలోకి చేర్చడానికి ఉద్యోగమంతా వెచ్చించినవాణ్ని. నా దగ్గర ఎలుకలు నూనె తాగాయి. వాటికి మేత పెట్టినవాడి భార్య సప్పిడి కూడు తిన్నది.

డాక్టరు పర్యవేక్షణలో ఇప్పుడు రెండో విడత నడుస్తోంది. కొత్త చీటీని ఆమెకు చదివి వినిపించాను. "నూనె కూరతోగానీ నెయ్యి అన్నంతోగానీ గోలి వేసుకోవాలె" అన్నది ఆమె ఒప్పుకున్న వాక్యం. 'కొవ్వు పదార్థం' అని నేను మొదట రాసిన మాటను, మటన్ కొవ్వు కొనుక్కు రమ్మంటున్నారా అని అడిగి ఆమే కొట్టివేయించింది. పొయ్యి దగ్గరికి ఇంకా పోవడం లేదు. వంట అతడే చేస్తున్నాడు. మళ్లీ స్కానింగ్ తీస్తే తప్ప తిత్తి సంగతి తెలియదు.

మందు విషయంలో గానీ మాట విషయంలో గానీ నేను పొరబడిన చోటు చదువరులకు కనిపిస్తే, వయసును చూసి ఊరుకోక నాకు తెలియజేయాలని కోరుతున్నాను. ఆమె వేసుకోవలసిన మాత్రలు ఇంకా మిగిలి ఉన్నాయి. దిద్దుకోవడానికి సమయం ఉంది.