నాయిన గొంతును కంపైల్ చేసిన రోజులు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ప్రపంచంలో ఏ కష్టానికైనా ఎక్కడో ఎవరో ఒక పుణ్యాత్ముడు సాఫ్ట్‌వేర్ రాసి, ఊరికే వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టే ఉంటాడని. వనపర్తిలో డిగ్రీ కంప్యూటర్లు చదువుతున్న పిల్లకు అంతకన్నా చిన్న నమ్మకం ఆనదు మరి. మా ఊరు కోడేరు పక్కన. ఊళ్లో నన్ను 'కంపూటర్ పిల్ల' అనేవాళ్లు. టీవీ రిమోట్ పనిచేయకపోయినా, రేషన్ షాపులో వేలిముద్ర పడకపోయినా నాకే కబురొచ్చేది. (రిమోట్‌కు బ్యాటరీలు మార్చాను. వేలిముద్రల విషయంలో నేను చేయగలిగిందేమీ లేదు. పేరు మాత్రం రెండింటికీ వచ్చింది.) ఇంట్లో ఒక కంప్యూటర్ కూడా ఉండేది. వనపర్తిలో ఎవరో నెట్ సెంటర్ ఎత్తేస్తుంటే నాయిన బేరమాడి కొని, మార్కెట్ నుంచి తిరిగొచ్చే ట్రాక్టర్‌లో, ఖాళీ గోనెసంచుల మధ్య పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చాడు. దాని వయసెంతో దానికే తెలియదు.

నాయిన గొంతు సంగతి ముందు చెప్పాలి. ఆయన చేలో బోరు దగ్గర నిలబడి కేక వేస్తే ఇంట్లో అమ్మ పొయ్యి మీది కుండ దించేది. పక్క చేనువాళ్లు తమ ఎడ్లను అదిలించే పని కూడా నాయినకే వదిలేసేవాళ్లని చిన్నాయన ఎగతాళి చేసేవాడు. అలాంటి గొంతు ఆ ఏడు వానాకాలంలో బొంగురుపోయింది. బీడీ పొగ అన్నాం, చల్లగాలి అన్నాం. శొంఠి, మిరియాలు, తేనె, చివరికి దిష్టి తీయడం కూడా అయ్యాక నాగర్‌కర్నూల్ డాక్టర్ టార్చిలైటు వేసి చూసి, ఆలస్యం చేయకుండా పట్నం పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. అక్కడివాళ్లు గడ్డ అన్నారు. గొంతుపెట్టె తీసేస్తే మనిషి బతుకుతాడు, మాట మాత్రం ఉండదన్నారు. ఆపరేషన్‌కు పీర్ల పండుగ దాటిన వారం రమ్మన్నారు. తిరుగు బస్సులో అమ్మ దారిపొడుగునా కిటికీలోంచి బయటికే చూసింది. నాయినే నాకు ధైర్యం చెప్పాడు.

"మాట పోతే ఏమాయె బిడ్డా. పాణముంటది గద."

నేను వనపర్తి పోయి, కాలేజీలో అందరూ లైనక్స్ అన్న అని పిలిచే సీనియర్‌ను పట్టుకున్నాను. కర్ణాటక అంచున ఉన్న అయిజ మనిషి. సగం కన్నడం కలిపి మాట్లాడతాడు, ఏ కంప్యూటర్‌నైనా మందలించినట్టు వాడతాడు. మనిషి గొంతును నేర్చుకుని, మనం టైపు చేసిన మాటను అదే గొంతుతో పలికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని ఆయనే చెప్పాడు. ఊరికే దొరుకుతుంది కూడా. నా నమ్మకం వమ్ము కాలేదు. (ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు కదా అంటారు మీరు. ఫోన్లో నింపుకున్న మాట నింపుకున్నట్టే ఉంటుంది. నాకు కావలసింది, ఆపరేషన్ తర్వాత నాయినకు ఏ మాట అవసరమైతే ఆ మాట. ఆయన ఐదో తరగతి దాకా చదివాడు, ఒక్కో అక్షరం వెతికి నొక్కగలడు.) చిక్కల్లా ఒకటే. తయారు చేసి పెట్టిన సాఫ్ట్‌వేర్ మా ముసలి కంప్యూటర్ మీదికి ఎక్కనంది. దాన్ని రాసినవాళ్ల అసలు రాతను, అంటే సోర్స్ కోడ్‌ను తెచ్చుకుని, మా మిషన్‌కు ఒంటబట్టేలా మా ఇంట్లోనే కంపైల్ చేసుకోవాలి. బియ్యం దొరకనప్పుడు వడ్లు తెచ్చుకుని దంచుకోవడం లాంటిదే. సుమ్మనుండు, కంగారుపడకు, అదే అయితది, అన్నాడు లైనక్స్ అన్న.

కాలేదు. కంపైల్ మొదలుపెట్టగానే, ఫలానా ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంటే గాని నేను కదలనంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెస్తే, దానికి ఇంకోటి కావాలట. మా వైపు పెళ్లి పిలుపులకు పోతే ఇలాగే ఉంటుంది. మాకు చెప్పడం సరే, ముందు మా పెద్దబాపు, అంటే పెదనాయన, ఇంట్లో చెప్పి రాపో అంటారు. పెద్దబాపు దగ్గరికి పోతే, ఆయన అలిగి ఉన్న ఇంకో పెద్దమనిషి పేరు చెబుతాడు. నేను అలా కోడేరుకూ వనపర్తికీ మధ్య బస్సుల్లో తిరిగి ఎందరెందరో పెద్దబాపులను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొచ్చాను. ఊళ్లో పీర్లను కూర్చోబెట్టారు. సాయంత్రాలు పీర్ల ముందు నిప్పులు వేసే అలాయి గుండం చుట్టూ ఆటలు మొదలయ్యాయి. నాయిన ప్రతి ఏటా పాట ఎత్తుకునేవాడు. ఆ ఏడు గుండం దగ్గర నిలబడి, పాడేవాళ్ల మొహాలు చూసి వచ్చేశాడు.

తెర మీద అక్షరాలు పరుగెత్తుతుంటే అమ్మ నా వెనక నిలబడి చూసేది. ఆమెకు చదువు రాదు. అప్పుడప్పుడు ఒక తప్పు దొరికి వరస ఎర్రగా మారేది. అమ్మ నా భుజం పట్టుకునేది. దవాఖాన కాగితాల్లో డాక్టర్ తేడా ఉన్నచోట ఎర్ర పెన్నుతో గీతలు గీయడం ఆమె చూసింది కదా. గా ఎర్రది ఆయన గురించేనా, మంచిదా చెడ్డదా అని మెల్లగా అడిగేది. నేను విసుక్కుని, గది ఆయన గురించి కాదమ్మా, మిషన్ గురించి అనేదాన్ని. అమ్మ నమ్మేది కాదు. ఎర్ర వరస కనబడిన ప్రతిసారీ వంటింట్లోకి పోయి దేవుడి దీపం ఎగదోసేది. ఒక మొండి తప్పు మాత్రం నేను ఎంత దిద్దినా పోలేదు గాని, అమ్మ దీపం ఎగదోసి వచ్చేసరికి పోయింది. (దాని సంగతి నేను లైనక్స్ అన్నకు చెప్పలేదు.)

చివరికి అందరు పెద్దబాపులూ ఒప్పుకున్నారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అవుతుందని లెక్క వేశాను. ఎవరూ ముట్టుకోవద్దని అమ్మకు చెప్పి, మైకు కోసం వనపర్తి పోయాను. వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాయిన గుమ్మం ముందు కుర్చీలో, పెద్ద గండం తప్పించిన మనిషిలా కూర్చుని ఉన్నాడు.

"నడిమిల వచ్చి చూస్తి. తెర నల్లగయ్యింది. లోపల మాత్రం ఒకటే గుంయిమని కొట్టుకుంటుంది. ఎండి నడుస్తుందని సమజయింది. ఫీజు పీకేసిన. జర ఆగితే కాలిపోతుండె బిడ్డా."

మీలో బోరు మోటరు ఉన్నవాళ్లకు ఇది వివరించనక్కరలేదు. బోరులో నీళ్లు తగ్గి మోటరు ఉత్తిగా తిరుగుతుంటే అది వేరే రకంగా అరుస్తుంది. ఆ అరుపు విన్న రైతు అన్నం ముందు నుంచి కూడా లేచి పరుగెత్తుతాడు. ఆలస్యమైతే లోపలి వైండింగ్ కాలుతుంది, దానితోపాటు పంటా కాలుతుంది. మా నాయిన అప్పటికే రెండు మోటర్లు పోగొట్టుకున్నవాడు. కంప్యూటర్ ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తోందనీ, అందుకే దాని ఫ్యాన్ అలా అరుస్తోందనీ, తెర కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే దానంతట అదే ఆరిపోతుందనీ ఆయనకు ఎలా తెలుస్తుంది? వెనక దొడ్లోకి పోయి ఏడ్చాను. పండుగ వెళ్లిపోతోంది, దవాఖాన దగ్గరికొస్తోంది. నాయిన వెనకే వచ్చాడు. తప్పయిందా అని అడిగాడు. లేదు నాయినా, మంచిపనే చేశావన్నాను. ఆయన ముఖం చూస్తే నమ్మలేదని తెలిసింది.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టినప్పుడు కాపలాకు ఆయనే కూర్చున్నాడు. కంప్యూటర్ పెట్టె పక్కన పీట వేసుకుని, చేతిలో విసనకర్రతో దానికి విసురుతూ. మధ్యలో తడిగుడ్డ కప్పబోతే అమ్మా నేనూ కలిసి ఆపాం. అది అరిచిన ప్రతిసారీ ఆయన కాళ్లు ఫీజు వైపు కదిలేవి, మళ్లీ బలవంతంగా కూర్చునేవాడు. ఆ ఒక్కరోజు ఆయన ఎంత మాట్లాడాడో చెప్పలేను. బొంగురు గొంతుతోనే, ఆగి ఆగి. కరువు ఏడు తాతతో కలిసి బొంబాయి పోయి తట్టలు మోసిన సంగతి, అక్కడ సముద్రాన్ని మొదటిసారి చూసి ఇన్ని నీళ్లలో ఎన్ని బోర్లు వేయవచ్చో అనుకున్న సంగతి, నేను పుట్టినప్పుడు చిన్నాయన ఎత్తుకుని భయంతో కింద కూర్చుండిపోయిన సంగతి. అమ్మా నేనూ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాం. ఆ మాటలు ఒక్కటీ రికార్డు కాలేదు. రికార్డు చేసి నేర్చుకునే సాఫ్ట్‌వేరే కదా ఇంకా తయారవుతున్నది. మైకును పెట్టెలోంచి తీయను కూడా లేదు, ఫోన్ ఉందన్న సంగతే తోచలేదు.

పొద్దుగూకే వేళకు కంపైల్ పూర్తయింది. మర్నాడు నాయిన తలస్నానం చేసి, తెల్ల చొక్కా తొడిగి, భుజం మీద తువ్వాలు మడతపెట్టి వేసుకుని మైకు ముందు నిటారుగా కూర్చున్నాడు. జీవితంలో ఆయన మైకు ముందు మాట్లాడింది ఒక్కసారే. ఊరికి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ కావాలని గ్రామసభలో అధికారులకు మొరపెట్టుకున్నప్పుడు. మైకు అంటే ఆయనకు అదే. నేను నీళ్లియ్యి అని రాసిస్తే, అయ్యా, జర నీళ్లు ఇప్పించగలరు, అని చదివాడు. ఆకలైతుంది అని రాసిస్తే, చాలా ఇబ్బందిగా ఉన్నది సార్, అని దానికి తోడు కలిపాడు. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు నాయినా అని బతిమాలాను. మిషిని ముంగట మర్యాద ఉండాలె గద, అన్నాడు. రాసినవి రాసినట్టు చదివించినా గొంతులో ఆ మొర మాత్రం పోలేదు. వద్దంటే ఇంకా వినయంగా చదివాడు. టైం లేదు. దొరికిందే దక్కుదలనుకుని అన్నీ నింపుకున్నాను.

ఆపరేషన్ అయింది. మెడకు గుడ్డ కట్టుకుని, సగమై ఇంటికొచ్చాడు. ఆలోగా మిషన్ గొంతు నేర్చుకుంది. చిన్నాయనా, ఇరుగుపొరుగూ వచ్చి కూర్చున్నారు. నాయిన వేలితో అక్షరాలు వెతికి వెతికి నీళ్లియ్యి అని నొక్కాడు. స్పీకర్లోంచి నాయిన గొంతు వచ్చింది. నాయినదే, అచ్చంగా. కానీ చేతులు కట్టుకుని ఆఫీసు ముందు నిలబడ్డ నాయిన. చిన్నాయన ముందు నవ్వాడు, తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చి, ఈయన ఎవలను అడుక్కుంటుండు, అంది. నాయిన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని మాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. నవ్వుకు కూడా చప్పుడు పోయిందని అప్పుడే తెలిసింది.

కొన్నాళ్లకు అమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. ఇటూ అటూ చూసి, ఒకసారి 'ఇగో' అనిపియ్యమంది. మా ఇళ్లల్లో భార్యను పేరుపెట్టి పిలవరు. పెళ్లయిన నాటి నుంచి నాయిన ఆమెను 'ఇగో' అనే పిలిచాడు. అది వాక్యం కాదు కాబట్టి నేను రాసివ్వలేదు. మైకు ముందు ఆయన అంత మర్యాద తప్పిన మాట ఎలాగూ అనడు. మిషన్‌కు ఆ మాట తెలియదు. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క అతికించుకుంటుంది, ఎలా వస్తుందో చెప్పలేనన్నాను. అప్పటికే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అమ్మ లోపలికి పోయింది. నేను టైపు చేసి నొక్కాను. మాట మరీ చిన్నది కావడం వల్లో ఏమో, మొరపెట్టుకునే తీరుకు అందులో చోటు దొరకలేదు. ఆ పాత కేకే, ఆ పాత విసురే.

"ఆఁ, వస్తున్న," అంది అమ్మ లోపలి నుంచి.

చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నా దగ్గరికి కాదు. నా పక్కనుంచే దాటిపోయి, వాకిట్లో మంచం మీద పడుకున్న నాయిన ముందు నిలబడి ఏంది అని అడిగింది. ఆయన ఆమె వైపు చూశాడు. లోపల పాలు పొంగిపోయాయి. అప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది.

"ఇంక గట్ల పిలిపియ్యకు బిడ్డా. గది మిషిని అని నాకు ఎరుకే. నా కాళ్లకు ఎరుక లేదు."

కంప్యూటర్‌ను బట్ట కప్పి పక్కన పెట్టాం. నాయిన స్టీలు గ్లాసుతో మంచం కోడును తట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడులోనే దాహం వేరు, కోపం వేరు, ఊరికే పిలవడం వేరు. అమ్మకు అన్నీ తెలిసేవి. అలా కొన్నేళ్లు బతికాడు. ఆయన పోయాక అమ్మ నాతోనే ఉంటోంది. ఇప్పుడు నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్లు కంపైల్ చేయించడం. ఆ ముసలి మిషన్‌కు ఒక రోజు పట్టిన పని నేను టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది. ఒక్కోసారి తెర మీద అక్షరాలు పరుగెత్తుతుంటే, పెన్‌డ్రైవ్ మెడలో వేసుకుని వనపర్తి బస్సులో నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. నాయిన మాటలన్నీ పట్టి తెస్తానని వెళ్లి, మర్యాదను పట్టుకొచ్చిన పిల్ల. నవ్వొస్తుంది. దాన్ని దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది.

మా అపార్ట్‌మెంట్‌లో గోడలు పలచన. పక్కింట్లో ఎవరైనా గ్లాసు దేనికైనా తగిలిస్తే అమ్మ తింటున్న పళ్లెం పక్కన పెట్టి లేస్తుంది. రెండడుగులు వేసి ఆగిపోతుంది. ఎవరూ పిలవలేదమ్మా అని నేను చెప్పను. దాహం లేకపోయినా, కొన్ని మంచినీళ్లు తెమ్మంటాను.