చుక్క పెట్టని పెళ్లికూతురు

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి నాకు తెలీదు గానీ, మా పక్కింటి షహజాది పట్టింది. అలా ఇలా కాదు, నడిరోడ్డు మీద, పదిమందిలో, వాడి నోటితోనే వాణ్ణి పట్టించింది. ఆ రోజు నేను ఆమె పక్కనే ఉన్నాను. నా పేరు ఎలిజబెత్. పగ దేవుడికి వదిలెయ్యాలమ్మా అంటారు మా పాస్టరుగారు. ఆయనకేం, ఎన్నైనా చెబుతారు. కడుపు మండింది ఆయనకా, మాకా?

విజయవాడ వన్‌టౌన్‌లో మా రెండిళ్లకీ మధ్యగోడ ఒకటే. షహజాది మొగుడు లాల్ అహ్మద్ ఫొటోగ్రాఫరు. షాపంటూ లేదు. భుజాన సంచి వేసుకుని బస్సెక్కి, కంకిపాడనీ గన్నవరమనీ ఎక్కడ పెళ్లంటే అక్కడికి పోయేవాడు. మంచివాడు, కానీ నోట్లో నాలుక లేదు.

ఆయన తీసేది మగవాళ్ల వైపు ఫొటోలే. వాళ్ల పెళ్లిళ్లలో పరదా పాటించే ఇళ్లు చాలా ఉండేవి. ఆడవాళ్ల వైపు మగ ఫొటోగ్రాఫరు అడుగు పెట్టకూడదు. పోనీ ఆడమనిషే తీసిందనుకో, రీలు కడగడానికి ల్యాబ్‌కి ఇవ్వాలి కదా! అక్కడ ముక్కూమొహం తెలియనివాడెవడో మన పిల్ల మొహాన్ని చూసి చూసి ప్రింటు తీస్తాడు. అదెందుకులే అని మానేసేవాళ్లు. తొంభైల్లో పెళ్లయిన ఆ ఇళ్ల ఆడపిల్లలు చాలామందికి తాము పెళ్లికూతురుగా ఎలా ఉన్నారో చూసుకోవడానికి ఒక్క ఫొటో లేదు.

అలాంటప్పుడు లాల్ అహ్మద్ డిజిటల్ కెమెరా కొన్నాడు, ఇంటికి కంప్యూటరు తెచ్చాడు. రీలు లేదు, ల్యాబ్ లేదు. షహజాదికి అదే తట్టింది. "ఎలిజబెత్తక్కా, ఆడవాళ్ల వైపు నేను తీస్తాను. ఇంట్లోనే కంప్యూటర్లో దిద్ది, ఇంట్లోనే ప్రింటు తీసి, ఆల్బం పెళ్లికూతురి చేతిలో పెడతాను. ఇంక ఏ మగాడి కన్నూ పడదు కదా?" అంది.

"నీకు కంప్యూటరు వచ్చా?" అన్నాను.

"రాదు. వస్తుంది."

వచ్చింది. నా మొహం మీదే నేర్చుకుంది మహాతల్లి! నా ఫొటో తీసి, ఫొటోషాపులో మచ్చలన్నీ తుడిచేసి చూపిస్తే, "ఎవరే ఈవిడ, సినిమాల్లో వేస్తుందా?" అన్నాను. పడీ పడీ నవ్వింది. అప్పట్నుంచీ ఆమె ఫొటోలు తీస్తుంటే లైటు పట్టుకునేది నేనే. ఆయాగా చేసే బడి మానేసి మరీ పోయాను.

ప్రతి పెళ్లిలోనూ పెళ్లికూతురి తల్లి చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చేది. "నా కెమెరా నుంచి నా కంప్యూటరుకి, నా కంప్యూటరు నుంచి మీ చేతికి. మధ్యలో ఎవరూ చూడరు." లాల్ అహ్మద్‌ని కూడా ఆ గదిలోకి రానిచ్చేది కాదు. ఇంకో అలవాటుండేది ఆమెకి. ఫొటో అంతా దిద్దడం అయ్యాక, ప్రింటు తీసేముందు, పెళ్లికూతురి చెవికింద మౌస్‌తో చిన్న నల్లచుక్క పెట్టేది. దిష్టిచుక్క! పసిపిల్లలకి కాటుకతో పెట్టమూ, అలాగ. చుక్క పడిందంటే ఆ ఫొటో పని పూర్తయినట్టు. చుక్క పెట్టకుండా ఒక్క ఫొటో కూడా ఆ ఇంటి గడప దాటలేదు.

ఇక ఆ దరిద్రుడి సంగతి. నవాజ్. లాల్ అహ్మద్‌కి సొంత తమ్ముడు. అన్న చేతికింద పని నేర్చుకుని, బజార్లో "నవాజ్ డిజిటల్స్" అని అద్దాల షాపు పెట్టుకున్నాడు. కంప్యూటరు ఊపిరి వాడి చేతిలో ఉండేది. ఫొటోషాపు, ఆల్బం సాఫ్ట్‌వేరు అన్నీ ఎక్కడో కాపీ చేసిన సీడీల నుంచి వాడే ఎక్కించాడు. కాపీ సరుకు కాబట్టి నాలుగు నెలలు తిరక్కుండానే ఆగిపోయేది. అప్పుడు వాణ్ణి మాత్రం ఆ గదిలోకి రానివ్వక తప్పేది కాదు, వచ్చి బాగుచేసేవాడు. "భాభీ, చాయ్" అంటూ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడని మాకేం తెలుసు?

రెండువేల ఐదు ఎండాకాలంలో గన్నవరం అబ్బాయి అయాన్‌కి అఫ్సా అనే పిల్లనిచ్చి చేశారు. మల్లెమొగ్గలాంటి పిల్ల. తన ఫొటో తాను కంప్యూటర్లో చూసుకుని, "నేనేనా ఆంటీ?" అని షహజాది మెడ పట్టుకుంది. పెళ్లయిన రెండు నెలలకి ఆ పిల్ల మామగారు బస్సులో పోతూ హనుమాన్ జంక్షన్ దగ్గర తలెత్తి చూశాడు. రోడ్డు పక్కన ఫ్లెక్సీ. దాని మీద ఇంత పెద్ద మొహంతో తన కోడలు. వెనకాల మంచుకొండలు, కింద "నవాజ్ డిజిటల్స్".

"మీ పిల్ల మొహం లారీ డ్రైవర్లంతా చూశారు, మాకొద్దు" అని అత్త ఆ పిల్లని పుట్టింట్లో దింపేసి పోయింది. అఫ్సా తల్లి మా వీధిలోకొచ్చి ఆల్బం షహజాది గుమ్మంలోకి విసిరికొట్టింది. "చేతిలో చెయ్యేశావు కదే! నీ చెయ్యి విరిగిపోను! నా కూతురి కాపురం అమ్ముకున్నావా?" అని శాపనార్థాలు పెట్టింది. షహజాది ఆల్బం ఏరుకుని, దుమ్ము తుడిచి, లోపల పెట్టింది.

మర్నాడు ఇద్దరం హనుమాన్ జంక్షన్ పోయి ఆ ఫ్లెక్సీ కింద నిలబడ్డాం. షహజాది చాలాసేపు చూసింది.

"అక్కా, చుక్క లేదు."

"చుక్కేంటే, కొంప మునుగుతుంటే?"

"నేను పని పూర్తి చెయ్యకముందు కంప్యూటర్లోంచి తీశారు. ఆల్బంలోది కాదు. ఆ వారంలో కంప్యూటరు ముట్టుకున్నది నవాజ్ ఒక్కడే."

నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. అప్పుడే పోయి చెప్పు తీసుకుని కొడతానన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెద్దల్లో పెడదామంది.

పెట్టాం. ఖాదర్ సాహెబ్ అనే పెద్దాయన ఇంట్లో అందరూ కూర్చున్నారు. నవాజ్ తెల్లచొక్కా వేసుకొచ్చి, రెప్పకూడా వాల్చకుండా అన్నాడు: "నాకేం తెలుసండీ? ఆ ఫొటో నాకు భాభీయే అమ్మింది. పిల్ల తరఫువాళ్లు ఒప్పుకున్నారని కూడా చెప్పింది."

ఎంత నంగనాచి కబురు! షహజాది చుక్క సంగతి చెప్పింది. ఎవరు వింటారు? "చుక్క పెట్టకముందే అమ్మి ఉంటావు" అన్నారు ఖాదర్ సాహెబ్. లాల్ అహ్మద్ తల దించుకుని కూర్చున్నాడు. తమ్ముడు కదా! నాకు ఆయన మీద కూడా మండిపోయింది. వాణ్ణి ఫ్లెక్సీ తీసెయ్యమన్నారు, షహజాదిని ఇక ఆడవాళ్ల వైపు కెమెరా పట్టొద్దన్నారు. చూశారా న్యాయం? దొంగకి ఒక చీవాటు, సొమ్ము పోయినదానికి శిక్ష.

ఆ తర్వాత ఒక్క పెళ్లి రాలేదు. అఫ్సా పుట్టింట్లో అన్నం మానేసిందని కబురొచ్చింది. షహజాది కంప్యూటరు మీద గుడ్డ కప్పేసింది. "నా సంగతి వదిలెయ్యక్కా. ఆ పిల్ల కాపురం నిలబెట్టకపోతే నేను మనిషినే కాదు" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉండేది. జైతూన్ బీ గారు, ఈ అన్నదమ్ముల తల్లి. అరవై దాటాయి. కొడుకు పెద్దల్లో ఆడిన మాట విన్నప్పటి నుంచీ ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున్నే తన ట్రంకుపెట్టె తెరిచి, చీరల అడుగునుంచి ఒక ఫొటో తీసి కోడలి ఒళ్లో పెట్టింది. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను.

నలుపుతెలుపు ఫొటో. పదిహేడేళ్ల పెళ్లికూతురు. ముక్కున నత్తు, దించిన కళ్లు. బందరులో ఎవరో ముసలి ఫొటోగ్రాఫరు తీశాడట.

"నేనే" అంది జైతూన్ బీ గారు. "తీసిన ఆ ముసలాయనా, మా అక్కచెల్లెళ్లూ తప్ప ఎవరూ చూడలేదు. మా ఇళ్లలో ఆడవాళ్ల ఫొటోలు గోడకి పెట్టరు. నా కొడుకులు కూడా చూడలేదు. దీనికి రంగులెయ్యి. కంప్యూటర్లో పెట్టు. తర్వాత వాణ్ణి పిలువు."

షహజాది ఫొటోని తిరిగి ఆవిడ చేతిలో పెట్టబోయింది. "వద్దమ్మీ. వాడు రోడ్డు మీద పెడతాడు."

"పెట్టాలనే. పరాయి పిల్ల మొహాన్ని దాన్ని అడక్కుండా బజార్లో పెట్టాడు. ఇది నా మొహం, నేను ఇస్తున్నాను. వాడు దొంగిలించనీ."

అబ్బ! ఇదీ తల్లంటే అనుకున్నాను.

ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఒక్కో రంగునీ ఒక్కో లేయరు మీద వేస్తూ పోయింది షహజాది. లేయరంటే ఫొటో మీద పరిచిన అద్దంలాంటిది, కావాలంటే పెట్టొచ్చు, వద్దంటే తీసెయ్యొచ్చు. "గాజులు ఆకుపచ్చ కాదే, ఊదా" అనేది అత్త. "దుపట్టా అంచు ఇంకా వెడల్పు." రోజుకింత చొప్పున ఆ పిల్లకి ప్రాణం వచ్చింది. ఒంటి రంగు వేసిన రోజున జైతూన్ బీ గారు తెర మీద చెయ్యి పెట్టి, "ఇంత బాగుండేదాన్నా?" అంది. ఆవిడని చూస్తే నాకు దుఃఖం ఆగలేదు.

చివర్న చుక్క పెట్టబోయి షహజాది ఆగింది. పెట్టలేదు. దొంగకి చుక్క పెట్టి ఇస్తామా?

తర్వాత నవాజ్‌కి ఫోను చేసింది. "సాఫ్ట్‌వేరు ఆగిపోయింది, కాస్త వచ్చి చూడు. జరిగిందేదో జరిగింది. ఇంట్లోవాళ్లం గొడవపడి ఏం బావుకుంటాం?" వాడు ఈలవేసుకుంటూ వచ్చాడు. భాభీ లొంగిపోయిందనుకున్నాడు. తెర మీద "కొత్త పెళ్లికూతురు - ఎవరికీ చూపకూడదు" అని ఫోల్డరు పెట్టి, చాయ్ కాస్తానని వంటింట్లోకి పోయింది. నేను తలుపు చాటునుంచి చూస్తున్నాను. ఫోల్డరు తెరిచాడు. నోరు తెరిచాడు. జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు. కన్నతల్లి మొహం రెండడుగుల దూరంలో ఉంటే గుర్తుపట్టలేదు సన్నాసి! రోజూ వంద మొహాలు దిద్దేవాడు మొహం చూస్తాడా? ఫ్లెక్సీకి పనికొస్తుందా లేదా, అంతే చూస్తాడు. చాయ్ తాగి, పంచదార తక్కువైందని వంక పెట్టి మరీ పోయాడు.

మూడు వారాల్లో కంకిపాడులో వాడి కొత్త షాపు ప్రారంభం. కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? అఫ్సా గొడవలో చీవాటుతో బయటపడ్డాక వాడికింకా ధైర్యం వచ్చింది. బంధువుల్నీ ఖాదర్ సాహెబ్‌నీ వాడే పిలిచాడు. అయాన్‌నీ అతని అమ్మానాన్నల్నీ, అఫ్సా తల్లినీ జైతూన్ బీ గారు కబురుపెట్టి రప్పించింది. షాపు నెత్తిన, రోడ్డుకి ఎదురుగా, ఆకాశమంత ఫ్లెక్సీ. మంచుకొండల ముందు ఊదాగాజుల పెళ్లికూతురు. జనం ఆగి ఆగి చూస్తున్నారు.

జైతూన్ బీ గారు బురఖా ముసుగుతో వచ్చి, రిబ్బను దగ్గర ఆగింది.

"బేటా, ఎవరీ పిల్ల? చక్కగా ఉంది."

అందరూ వింటున్నారు. అఫ్సా అత్తమామలు మొహాలు మాడ్చుకుని నిలబడ్డారు. వాడు వాళ్లని చూసి కాస్త తడబడ్డాడు, అయినా నవ్వాడు. "తెనాలి వైపు పిల్ల అమ్మీ. ఫొటో భాభీయే అమ్మింది. ఈసారి నేను జాగ్రత్తపడ్డానులే. పిల్ల నాన్నగారితో స్వయంగా మాట్లాడాను. సంతోషంగా పెట్టుకోమన్నారు."

"స్వయంగా మాట్లాడావా?"

"నిన్న కూడా ఫోన్లో మాట్లాడాను అమ్మీ."

"మా నాన్న పోయి ముప్పయ్యేళ్లయింది. నీతో ఫోన్లో ఏం మాట్లాడాడురా?"

అని ముసుగెత్తింది. అంత జనంలో, ఆ ఎండలో, ఆవిడ మొహాన్ని ముసుగు లేకుండా వీధిలో మొదటిసారి చూశాం అందరం. పైన ఆ మొహం, కింద ఈ మొహం. అదే ముక్కు, అదే గడ్డం. ఆవిడ చెల్లెలు పైకి చూసి, "యా అల్లా! ఇది మా జైతూన్ ఆపా పెళ్లి ఫొటో!" అని కేకేసింది. నవాజ్ పైకీ కిందికీ చూశాడు. వాడి మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ మొహం చూడ్డానికి నేను ఎన్ని రోజులు ఎదురుచూశానో!

జైతూన్ బీ గారు ఖాదర్ సాహెబ్ వైపు తిరిగింది. "ఆ రోజు వీడి మాట నమ్మారు కదా సాహెబ్. ఈ రోజు కూడా నమ్మండి."

ఆ పెద్దాయన గడ్డం నిమురుకుంటూ నేలచూపులు చూశాడు. లాల్ అహ్మద్ మాత్రం ఇన్నాళ్లకి నోరు విప్పాడు. "నిచ్చెన తెండి" అన్నాడు. "నువ్వే ఎక్కి విప్పరా. మా అమ్మ మొహం మీద ఇంకొకడి చెయ్యి పడకూడదు."

ఎక్కాడు. తల్లి చెంప పక్కన తల పెట్టి ఒక్కో తాడూ కోశాడు. మధ్యలో కత్తి జారింది, మళ్లీ దిగి తీసుకుని ఎక్కాడు. ఎవరూ అందివ్వలేదు. కిందికి దించాక, "మొహం లోపలికి పెట్టి మడత పెట్టు. తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా" అంది తల్లి. నేను లెంపకాయ కొడదామని వచ్చినదాన్ని, ఆ పని ఇక మిగల్లేదు. ఆ షాపు గడప మళ్లీ ఏ ఆడపెళ్లివారూ తొక్కలేదు లెండి.

అయాన్ వచ్చి షహజాది ముందు నిలబడ్డాడు. "అఫ్సావాళ్లు ఒప్పుకున్నారన్నదీ అబద్ధమేనన్నమాట. అఫ్సాని రేపు తీసుకెళ్తానండీ" అన్నాడు.

"నువ్వు కాదు నాయనా" అంది షహజాది. "దింపేసి పోయింది మీ అమ్మగారు. ఆవిడే వెళ్లి తీసుకురావాలి." పక్కనే ఉన్న అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సరేనన్నట్టు తలూపింది. మర్నాడు వెళ్లింది కూడా. అఫ్సా ఆవిణ్ణి గుమ్మంలో చాలాసేపు నిలబెట్టిందట. శభాష్ అన్నాను.

అఫ్సా తల్లి షహజాది రెండు చేతులూ పట్టుకుంది. అందరూ కదులుతుంటే జైతూన్ బీ గారు కోడలిని పిలిచింది. మడతపెట్టిన ఫ్లెక్సీ పట్టుకుని నవాజ్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"అందరు పెళ్లికూతుళ్లకీ పెడతావట. నాకు పెట్టలేదేమే?"

షహజాది అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్లూ ఏడవనిది, రోడ్డు మీద నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తన కంటి కాటుక వేలికి అద్దుకుని, ఆ ముసలావిడ చెవికింద చుక్క పెట్టింది.