నర్మెట్ట నుంచి జనగామకు, నా కుడిచేతి కోసం

ఎనభైల్లో ఒక ఎండాకాలం. పక్షవాతంతో నా కుడిచేయి పడిపోయి మూడు నెలలైంది. నర్మెట్టలో నేను దర్జీని. కత్తెర పట్టలేని దర్జీ దగ్గరకు ఎవడొస్తాడు? చేయి తిరిగి తెచ్చుకోనిదే ఊరుకోనని, నా భార్య రాజవ్వను వెంటబెట్టుకుని జనగామ సర్కారు దవాఖానకు బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు ఎర్రబస్సు. పోయేటప్పుడు కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. ముందు సీటులోని ముసలమ్మ వెనక్కి తిరిగి, "చేయికి ఏమైంది బిడ్డా?" అంది.

"పనికి పోనంటుంది అవ్వా," అన్నాను. ఆమె నవ్వింది గానీ రాజవ్వ నవ్వలేదు.

ఏడున్నరకు జనగామ. బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఎడమచేత్తో తినడం మాలో తప్పు. అందుకని మూడు నెలలుగా రాజవ్వే తినిపిస్తోంది. పక్కబల్లవాళ్లు చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. అయినా నోరు తెరిచాను.

దవాఖానలో చిట్టీలు తొమ్మిదికి ఇస్తారు; ఎనిమిదికే వరుసలో నిలబడటం మేలు. పదకొండింటికి డాక్టరమ్మ నా వేళ్లు కదిపి చూసి, "అన్నం ఎట్ల తింటున్నవ్?" అని అడిగింది.

"నేనే తినిపిస్త మేడం. ఒక్క మెతుకు కింద పడనియ్య," అంది రాజవ్వ గర్వంగా.

"గదే తప్పైంది. రక్తమందక మెదడుల కొంత చచ్చింది. పక్కన బతికున్నది చచ్చినదాని పని నేర్చుకుంటది, దానికా గుణం పుట్టుకతోనే ఉన్నది. చేయికి పనే చెప్పకుంటె ఎట్ల నేర్చుకుంటది? ఇయ్యాల్టి నుంచి కుడిచేత్తోనే తినాలె. నువ్వు సాయం పట్టొద్దు."

బయటికొచ్చాక రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నేనే పాడుచేసిన్నా?"

"ఇద్దరం చేసినం," అన్నాను. నాకూ ఏడుపొచ్చింది.

రెండింటికి తిరుగు బస్సు. ఒలిచిన పల్లీల పొట్లం కొని ఒళ్లో విప్పాను. కుడిచేతి వేళ్లు వంగాయి గానీ పట్టు చిక్కలేదు. ఒక పల్లి జారింది. ఇంకొకటి గడ్డం దాకా వచ్చి చొక్కాలో పడింది. రాజవ్వ చేయి ముందుకొచ్చింది.

"వద్దు," అన్నాను.

కాసేపటికి ఆమె తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. నాకు తినిపించడం కన్నా అలా కూర్చోవడమే ఆమెకు కష్టమని అప్పుడు తెలిసింది. ఈ దారిన దవాఖానకు వచ్చేవాళ్లు రోగికే కాదు, వెంట వచ్చేవాళ్లకూ ధైర్యం చెప్పుకొని రండి.

నర్మెట్ట ఇంకో మైలుందనగా ఒక పల్లి నోట్లో పడింది. కటుక్కున కొరికాను. చప్పుడుకు రాజవ్వ ఇటు తిరిగింది.

"నువ్వే పెట్టుకున్నవా?"

మెల్లగా నమిలాను, చివరిదాకా.