కాయలన్నీ పలికాకే కదిలే బండి

ఈ శనివారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి, మా అబ్బాయి బండి మా డ్రైవ్‌వేలో నిలబడి ఉంది. నల్లగా, ఎత్తుగా, గరాజ్ తలుపు మొత్తం కప్పేసి, గుమ్మానికి అడ్డంగా ఏనుగును కట్టేసినట్టు ఉంది. చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. పది నెలలుగా ఆ బండి ఎక్కనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నదాన్ని నేను. ఎందుకంటారా, ఎనిమిది సీట్ల ఆ మహాకాయం గుడి పార్కింగ్ లాట్‌లో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా, నాలుగేళ్ళ నా మనవరాలిని చక్రాల కింద వేసుకోబోయింది.

కానీ ఈరోజు ఆ పిల్ల డాన్స్ ప్రోగ్రాం. కోడలికి ఆసుపత్రిలో వీకెండ్ డ్యూటీ, మావారు వాళ్ళ అన్నగారిని చూడటానికి ఇండియా వెళ్ళి ఉన్నారు, హైవే మీద నడిపే ధైర్యం నాకు ఈమధ్య తగ్గింది. ఎక్కితే ఆ బండే ఎక్కాలి, లేకపోతే పిల్ల స్టేజి మీద తలెత్తి చూసినప్పుడు నేను కనిపించను. పంతం గొప్పదా, పిల్ల గొప్పదా అని కాఫీ చల్లారేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను.

నా ఈడు వాళ్ళు మీకు చెప్పక్కర్లేదు, మనం ఈ దేశానికి వచ్చిన రోజుల్లో పిల్లలున్న ఇంటికల్లా ఒక మినీవ్యాన్ ఉండేది. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరుగా ఈ ట్రాయ్ అనే ఊరికి వచ్చిన మూడో ఏడు మేమూ ఒకటి తెచ్చుకున్నాం, గచ్చకాయ రంగుది, పక్కకి జరిగే తలుపులది. నాకప్పట్లో వర్క్ పర్మిట్ లేదు. ఎమ్మెస్సీ చదివి గోల్డ్ మెడల్ తెచ్చుకున్నదాన్ని, ఈ మంచు ఊరికి వచ్చి గిన్నెలు తోముకుంటూ కూర్చోవలసి వచ్చిందని లోపల్లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని. ఆ వ్యానే లేకపోతే నాకు పిచ్చెక్కేది. మా వీధిలో ఉద్యోగాలు చేసే తల్లుల పిల్లలనందరినీ, మా వాడితో కలిపి ఆరుగురిని, బడికీ, డాన్సుకీ, ఆదివారం గుళ్ళో తెలుగు క్లాసుకీ తిప్పే పని నేనే నెత్తిన వేసుకున్నాను. ఎవరూ జీతం ఇవ్వలేదు, నేనూ అడగలేదు, కానీ అది నా ఉద్యోగం. తాళం చెవి చేతిలో పట్టుకుంటే నేనూ ఒక మనిషిననిపించేది.

ఆ వ్యానులో అన్నీ సుగుణాలేనని నేననను. వెనక సీట్లకి హీటర్ గాలి సరిగా అందేది కాదు, మంచులో ఎత్తు ఎక్కమంటే మొరాయించేది, సాంబారు ఒలికిన వాసన వేసవి వస్తే చాలు మళ్ళీ లేచేది. కానీ నేల తక్కువ ఎత్తులో ఉండేది. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఆరేసి నెలలు మా దగ్గర ఉండేవారు కదా, ఆవిడ చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని గడప దాటినంత సులువుగా ఎక్కి నా పక్క సీట్లో కూర్చునేవారు. అద్దంలోంచి వెనక చూస్తే ఆరు తలలూ కనిపించేవి. ముందు చూస్తే రోడ్డు కనిపించేది, రోడ్డు దాటే ఉడుత కూడా కనిపించేది. బండికి ఇంతకన్నా ఏం కావాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అలాంటి బండిలోనూ ఒకసారి తప్పు జరిగింది. తెలుగు క్లాసు అయిపోయాక అందరూ ఎక్కారనుకుని ఇంటికొచ్చేశాను, తీరా చూస్తే ఒక పిల్ల లేదు. గుండె గుప్పెట్లో పెట్టుకుని వెనక్కి పరుగెత్తుకెళితే, ఆ మహాతల్లి గుళ్ళో అరుగు మీద కూర్చుని రెండో దొన్నె పులిహోర తింటోంది. ఆ రోజు నుంచీ తాళం తిప్పే ముందు తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. దానికి మా అత్తగారు ఒప్పుకుంటేనా! పిల్లల్ని వేలు పెట్టి లెక్కపెడతావా, దిష్టి తగలదూ, మేకలా గొర్రెలా అని కేకలేసి, ఆవిడే ఉపాయం చెప్పారు. ఒక్కొక్కరికి ఒక్కో కాయ పేరు పెట్టారు. పులిహోర పిల్ల దొండకాయ, పొడుగ్గా ఉండే వాడు పొట్లకాయ, ఇంకా వంకాయ, బెండకాయ, బీరకాయ. పొద్దున్నే ముఖం ముడుచుకుని ఆఖరున ఎక్కే మా వాడు కాకరకాయ. నేను పేరు పిలవాలి, వాళ్ళు ప్రెజెంట్ అనాలి. అమెరికాలో పుట్టిన పిల్లలు కదా, బెండకాయని బెండాఖాయా అనేవాళ్ళు, అత్తగారు విరగబడి నవ్వేవారు. కాయలన్నీ పలికితేనే బండి కదలాలని ఆవిడ రూలు. ఒక్క కాయ పలక్కపోయినా సరే, ఎంత ఆలస్యమైనా సరే, నేను బ్రేక్ మీద నుంచి కాలు తీసేదాన్ని కాదు.

అంత చేస్తే ఏమైంది? పద్నాలుగేళ్ళు వచ్చేసరికి మా వాడికి ఆ వ్యాన్ నామోషీ అయింది. బడికి ఒక వీధి ఇవతలే దింపేయమన్నాడు. నా ఉద్యోగాన్ని పట్టుకుని ఆంటీ వ్యాన్ అన్నాడు. అప్పుడు మింగాను ఆ మాట, కానీ అరగలేదు. అందుకే కిందటేడు వాడు పెద్ద బండి కొంటున్నానని వచ్చినప్పుడు, మినీవ్యాన్ తీసుకోరా, ఉన్నది ఒక్క పిల్ల, ఎక్కనూ దిగనూ హాయి అంటే, మళ్ళీ అదే నవ్వు నవ్వి, నేను ఆంటీలా కనిపించాలా అమ్మా అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. మావారేమో జీవితమంతా కార్లతో గడిపిన మనిషి గనక కొడుకు పక్షమే వహించి, పెద్ద బండి లోపలున్న వాళ్ళకి రక్షణ అని పాఠం మొదలుపెట్టారు. మరి బయటున్న వాళ్ళకో అని అడిగితే, నువ్వు అన్నిటికీ అడ్డు పుల్ల వేస్తావు అన్నారు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఈ చలికాలం ఐసు మీద ఎవరిదో కారు జారి వచ్చి వెనక నుంచి గుద్దితే, మా కోడలు అదే బండిలోంచి చిన్న గీత కూడా పడకుండా దిగింది. ఆ రోజు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, బండికి మాత్రం పెట్టలేదు. లోపలి వాళ్ళని కాపాడే ఆ ఎత్తే, ఎదురుగా నిలబడిన పసిపిల్లని కనపడకుండా చేస్తుందని నాకు అప్పటికే తెలుసు.

ఎలా తెలిసిందో చెబుతాను. కొత్త బండికి పూజ చేయించాలి కదా. గుడి పార్కింగ్ లాట్‌లో పూజారిగారు మంత్రాలు చదువుతున్నారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బండి ముందుభాగం నా భుజాల దాకా ఉంది. పసుపు కుంకుమ పళ్ళెం నా చేతిలోనే ఉంటే, అమ్మా మీరు బొట్టు పెట్టండి అన్నారు పూజారిగారు. ముందు సరిగ్గా మధ్యలో గుండ్రంగా, రూపాయి బిళ్ళకన్నా చిన్నగా, నున్నటి నల్లటి చోటు ఒకటి కనిపించింది. బొట్టు కోసమే పెట్టినట్టుంది అనుకుని, తడి కుంకుమ ముద్దగా అద్దాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

చుట్టూ జనం ఉన్నారని బండి ఒకటే కుయ్ కుయ్ మంటుంటే, మంత్రాలకి అడ్డమని మా వాడు ఆ చప్పుడు ఆపేసి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కోడలు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. పిల్ల నా దగ్గరుందని కోడలు అనుకుంది, కోడలి దగ్గరుందని నేననుకున్నాను. ఇక పోనిమ్మని పూజారిగారు చెయ్యి ఊపారు. బండి కదలబోతోందంటే నా నాలుకకి ఎన్నో ఏళ్ళ అలవాటు, పేరు పిలవకుండా ఉండలేదు. మనవరాలికి నేను పెట్టిన పేరు బుడంకాయ.

బుడంకాయా అని పిలిచాను.

“ప్రెజెంట్, నానమ్మా!”

ఆ గొంతు బండి ముందు నుంచి, కింద నుంచి వచ్చింది. చక్రం అప్పటికే నిమ్మకాయ మీదకి ఎక్కుతోంది. పళ్ళెం ఎటు విసిరానో తెలియదు, రెండు చేతులతో బండిని బాదుతూ అరిచాను. ఆగింది. అవతలి చక్రం దగ్గర నుంచి పిల్ల లేచి నిలబడింది, దాని తల బండి దీపాల దాకా కూడా రాలేదు. దానికీ బంపరుకీ మధ్య మూరెడు చోటు లేదు. “లెమన్ రోల్ అయిపోయింది నానమ్మా, ఫిక్స్ చేశాను,” అంది చేతిలో నిమ్మకాయ చూపిస్తూ.

తర్వాత నేను ఏమేం అన్నానో నాకే సరిగా గుర్తులేదు. కన్నకొడుకుని గుడి ముందు, పూజారిగారి ముందు, కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు అని తిట్టిపోశాను. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. “కెమెరాలో ఏమీ కనపడలేదమ్మా, అంతా రెడ్‌గా ఉంది, ఎందుకో తెలియట్లేదు,” అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. అప్పుడు తిరిగి చూశాను. నేను బొట్టు పెట్టిన నల్లటి గుండ్రటి చోటు, బండి ముందు ఏముందో లోపలి తెర మీద చూపించే కెమెరా కన్ను.

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పుకోవాలి, ఇంతవరకూ మావారికి కూడా చెప్పలేదు. అందరూ పిల్లని ఎత్తుకుని తడుముతూ ఉంటే, నేను బండి ముందుకి వెళ్ళి చీర కొంగుతో ఆ బొట్టు తుడిచేశాను. తుడిచేసి, వెనక్కి వచ్చి, మళ్ళీ వాణ్ణే తిట్టాను. పాపం వాడు రెండుసార్లు సర్వీసుకి తీసుకెళ్ళి కెమెరా చూపించాడు, లోపమేమీ లేదన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నా మీద నాకున్న మంటనంతా పది నెలలు ఆ బండి మీద, వాడి మీద పోశాను. ఇంటికొస్తే తిట్టాను, ఫోన్ చేస్తే తిట్టాను, పండక్కి రమ్మంటే ఆ బండిలో అయితే రాను పొమ్మన్నాను. వాడు ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

ఈ పొద్దున చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను. మా వాడు చిన్న ఎక్కుడు పీట తెచ్చి తలుపు దగ్గర వేశాడు, నా మోకాళ్ళ కోసం. ఎక్కించే ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు, ముందు వంగి చూశాడు, వెనక వంగి చూశాడు. రోజూ ఇలాగే చేస్తాడట, వెనక సీట్లోంచి పిల్ల చెప్పింది. నేనిక ఆగలేకపోయాను. “ఒరేయ్ నాన్నా, ఆ బొట్టు కెమెరా మీద పెట్టింది నేనేరా. తుడిచేసింది కూడా నేనే,” అన్నాను.

“తెలుసమ్మా,” అన్నాడు పీట సరిచేస్తూ. “ఇంటికెళ్ళేటప్పుడు నీ కొంగు ఎర్రగా ఉంది. కెమెరాలో లోపం లేదన్నాక అర్థమైంది.”

“మరి ఇన్ని తిట్లు ఎందుకు పడ్డావురా?”

“కనపడకపోతే దిగి చూడాలిగా. నువ్వైతే దిగేదానివి.”

అంతే అన్నాడు. ఏడుపొచ్చింది, దాన్ని కూడా కోపంలాగే బయటికి కక్కాను, మెట్టెక్కినట్టు ఎక్కాలా ఈ మాయదారి బండి అని విసుక్కుంటూ పైకెక్కాను. లోపల హాలంత చోటు. వెనక నా బుడంకాయ ఒక్కతే, దాని వెనక వరుస మొత్తం ఖాళీ. ఆనాడు ఒక్క వ్యానులో ఒకరి మీద ఒకరు పడి కొట్టుకున్న పిల్లలకి ఇప్పుడు తలా ఒక పెద్ద బండి ఉంది. ఫ్రిస్కోలో ఒకటి, నేపర్‌విల్‌లో ఒకటి, ఇంకా ఎక్కడెక్కడో. పక్కింటి పిల్లని ఎక్కించుకు వెళ్ళే తల్లి మా వీధిలో ఇప్పుడు ఒక్కతీ లేదు, ఎవరి పిల్లని వాళ్ళే, ఎవరి బండిలో వాళ్ళే. సీట్లు పెరిగాయి, కూర్చునే వాళ్ళే లేరు. మా అత్తగారు చూసి ఉంటే, ఇంత బండికి ఈ ఒక్క కాయేనా అనేవారు.

మా వాడు బెల్టు పెట్టుకుని, బ్రేక్ మీద కాలు పెట్టి, పిలవమన్నట్టు నా వైపు చూశాడు. బుడంకాయా అన్నాను, ప్రెజెంట్ అంది పిల్ల. కాకరకాయా అన్నాను. నలభై దగ్గరపడుతున్న నా కొడుకు ముఖం ముడుచుకోకుండా ప్రెజెంట్ అన్నాడు. అక్కడితో ఆపాలి, కానీ నాలుక ఆగలేదు. వంకాయా, బెండకాయా, దొండకాయా, బీరకాయా, పొట్లకాయా అని ఒక్కొక్కటే, పెదాలు కదిలీ కదలకుండా పిలుచుకున్నాను. ఎవరూ పలకలేదు. అయినా బండి కదిలింది.