నిలబడి చేసే మీటింగ్

భూపాలపల్లిలోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రోజూ ఒకటే పంచాయితీ. రెండు వారాల పనిని ముందే ఖాయం చేసుకుని, మధ్యలో ఏదీ మార్చకుండా సాగే స్క్రమ్ పద్ధతే కావాలని నా మొండిపట్టు. ఒక పని ముగిశాక అప్పటి అవసరాన్ని బట్టి ఇంకోటి అందుకునే కాన్‌బాన్ మేలని మిగతావాళ్ల వాదన. అసలు మాకు ఏది సరిపోతుందో తేల్చుకోవాలని నాకు ఒకటే ఆరాటం.

ఒక పొద్దున అందరం నిలబడి రోజువారీ మీటింగ్ మొదలుపెట్టాం. కూర్చుంటే మాటలు సాగుతాయని స్క్రమ్‌లో అదొక ఆనవాయితీ. అప్పుడే టేకుమట్ల నుంచి పత్తి వ్యాపారి వచ్చాడు. మేం యాప్ చేస్తున్నది ఆయనకే. తనను చూసి లేచామనుకుని మొహమాటపడ్డాడు.

"అయ్యో, నాకెందుకు గింత మర్యాద? కూసోండ్రి, కూసోండ్రి."

పెద్దమనిషి మాట కాదనలేక కూర్చున్నాం. చాయ్ వచ్చింది. ఇదే అదనని అడిగాను.

"అన్నా, వచ్చే రెండు వారాలకు యాప్‌ల ఏమేం కావాల్నో గిప్పుడే చెప్పరాదు?"

"ఎట్ల చెప్పాలె తమ్మీ? రేపు వాన పడ్తదో లేదో నాకేం ఎర్క? పత్తి తడిస్తే లెక్కంత మారుతది."

అక్కడితో నా పట్టు వదిలేశాను. కాన్‌బాన్‌కు మారాం, కూర్చునే మాట్లాడుకుంటున్నాం.

ఆయన వచ్చే రోజు మాత్రం అందరం లేచి నిలబడతాం. మమ్మల్ని కూర్చోబెట్టాక గానీ ఆయన మనసులో మాట బయటికి రాదు.