కనిపెట్టేసినారు

అరవైల మొదట్లో, బీయెస్సీ పాసయి ఊరొచ్చిన రోజు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. చేపలు పట్టే మా వీధిలో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. అంతకంటే పెద్ద సంబరం జేబులో ఉంది: హిమోగ్లోబిన్ బొమ్మ. రక్తానికి ఎరుపునిచ్చే ఆ పదార్థం లోపల ఎలా అల్లుకుని ఉందో ఎక్స్-రేలతో తేల్చారని లెక్చరరు గారు ఫారిన్ పత్రికలో చూపిస్తే, కాగితం మీద గీసుకున్నాను. ఒకదాన్నొకటి పెనవేసుకున్న నాలుగు చుట్టలు.

అక్క చాప మీద ఉంది. రెండో కాన్పు తర్వాత ఒంట్లో రక్తం నిలవడం లేదు. గోళ్లు సున్నంలా తెల్లబడ్డాయి.

"అమా, రక్తం గుట్టు కనిపెట్టేసినారు," అన్నాను గుమ్మంలోనే.

అమ్మ చేట కింద పెట్టేసింది. "ఇన్ని దినాలు యాడ దాచినార్రా అబ్బయ్యా?"

మా ఇంట్లో కనిపెట్టడమంటే మందు కనిపెట్టడమే. అది నాకు తట్టేసరికి నాయన పడవలో గడ్డి పరిచి, సూళ్లూరుపేట డాక్టరు దగ్గరికని అక్కను పడుకోబెట్టేశాడు.

పులికాట్ సరస్సు సగం దాటాక అక్క అడిగింది. "సూదా, మాత్రారా? సూదంటే నాకు బయం."

"మందు కాదక్కా. అది ఎట్టుంటాదో చూసినారు, అంతే."

నాయన చేతిలో పడవ తోసే గడ ఆగింది.

"డిగ్రీ అంతా చదివి బొమ్మ తెచ్చినావా," అని అక్క నవ్వబోయింది. ఆయాసం వచ్చింది.

నాయన కాగితం తీసుకున్నాడు. వల అల్లే వేలితో గీత వెంట పోయాడు.

"పోగు యాడ మొదులో, యాడ పెనేసుకుందో తెలిసిందంటావు."

"తెలిసింది నాయనా."

"వల యాడ తెగిందో తెలిస్తే ఆడే కట్టుకుంటాం గదరా."

"కట్టేది ఇంకా రాలేదు వాళ్లకి."

"ఎన్నాళ్లకొస్తాది?"

అక్క కళ్లు మూసుకుంది. పెదవులు కూడా తెల్లగా ఉన్నాయి.

"పడవ తిప్పేద్దామా నాయనా?"

"తిప్పి ఈ బిడ్డను యాడ పెట్టేది? డాక్టరుకి ఇది చూపీ. ఆయనకి కట్టేది తెలుసునేమో."

తెలియదని నాకు తెలుసు. కాగితం తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని, రెండో గడ అందుకున్నాను.